ఇరవై ఎనిమిది అడుగుల దగ్గర ఎండ

ముందు మట్టి వాసన వచ్చేది. ఆ వెనకే నాన్న.

వాన పడ్డాక లేచే వాసన కాదు అది. ఏనాడూ వెలుతురు చూడని మట్టి వాసన. చల్లగా... ఇనుప గొళ్ళేన్ని నాలుకతో తాకినట్టు.

నాన్న బావులు తవ్వేవాడు. తవ్వుతూ పాడేవాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆయనే. అందుకే పాటల మేస్త్రి అనేవారు అందరూ. బావి అడుగు నుంచి పైకి వచ్చేసరికి ఆ పాట గుండ్రంగా అయిపోయేది. నేను గట్టు మీద బోర్లా పడుకుని వినేదాన్ని. ఈ ఇంటికి బావిలో కప్ప ఒకటి చాలదా, అని అమ్మ అరిచేది.

మా కిటికీ గూట్లో గాజు సీసాలు ఉండేవి. ఒక్కో బావికి ఒక్కో సీసా.

పొర మారినప్పుడల్లా నాన్న గుప్పెడు మట్టి పొట్లం కట్టేవాడు. బావి పూర్తయ్యాక వాటిని సీసాలో పోయడం నా పని. చివరి పొట్లం ముందు. మొదటి పొట్లం చివర. ఆ పక్కన ఇంకెవరైనా బావి తవ్వించుకుంటే, ఏ లోతులో ఏం తగులుతుందో సీసా చూసి చెప్పేవాడు.

"కలిపేశావంటే అది బావి కాదు తల్లీ, అబద్ధం," అనేవాడు.

సాయంత్రాలు కాళ్ళు కడుక్కుని బైబిలు తెరిచేవాడు. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివేవాడు. దేవుడు లోకాన్ని ఆరు రోజుల్లో చేశాడంటే ఆరు రోజులే. దేవుడు వరద పంపాడంటే భూమంతా వరదే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, అని అమ్మ నవ్వేది. ఈ పొరలన్నీ పేర్చింది ఆ వరదేనని నాకు చెప్పాడు. బరువైన రాళ్ళు ముందు మునిగాయి... తర్వాత ఇసుక... ఆఖరికి బురద.

నేను నమ్మాను. ఎంత నమ్మానంటే, చేసి చూశాను.

గట్టున పడ్డ అన్ని రకాల మట్టీ ఒక ఖాళీ సీసాలో పోసి, నీళ్ళు కలిపి, చేతులు నొప్పి పుట్టేదాకా ఊపాను. మర్నాటికి నాన్న చెప్పినట్టే తేరుకుంది. రాళ్ళు, ఇసుక, బురద. ఎంత సంబరపడ్డానో!

గూట్లో సీసాలు మాత్రం అలా లేవు.

బురద మీద రాళ్ళు. రాళ్ళ మీద బురద. మళ్ళీ ఇసుక... మళ్ళీ రాళ్ళు...

ఆ వేసవిలోనే నాన్న నన్ను తట్టలో కూర్చోబెట్టి బావిలోకి దింపించాడు. ఇరవై ఎనిమిది అడుగులు.

"చూడు తల్లీ, ఎంత ముద్దుగా ఉందో."

కాళ్ళ కింద బంకమట్టి పలకలు పలకలుగా బీటలు వారి ఉంది. ఎండిపోయిన చెరువు అడుగులా. బీటల నిండా ఇసుక. చుట్టూ గోడల్లో, నా తల మీదుగా పైదాకా, ఆ తర్వాత పరుచుకున్న పొరలన్నీ.

వరద మధ్యలో ఎండ ఎప్పుడు కాసింది నాన్నా, అన్నాను.

నాన్న నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపేశాడు.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. పన్నెండేళ్ళ నోరు. ఆదివారం పాస్టరుగారు వరద గురించి చెబుతుంటే లేచి నిలబడి కుండ బద్దలు కొట్టినట్టు అడిగేశాను. ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల కట్టుకథలు చెబుతోందన్నారు ఇంకెవరో. నాకు రోషం వచ్చింది.

నాన్నని అడగండి, అన్నాను.

ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోగలిగితే...

పాస్టరుగారు చెడ్డవారేం కాదు. మెల్లగానే అడిగారు. "ఏం మేస్త్రిగారూ, మీరు చూశారా?"

నాన్న పాటల పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పైన ఫ్యాను టకటకమంటోంది. చూడలేదంటే కూతురు అబద్ధాలకోరు. చూశానంటే, తాను వేలు పెట్టి చదివిన పుస్తకం మీద తానే అనుమానం తెచ్చినట్టు. అబద్ధమాడొద్దని ఆయనకు నేర్పిందీ ఆ పుస్తకమే.

"చూశానండీ," అన్నాడు. "దానికి అర్థమేంటో నాకు తెలీదు. కానీ చూశాను."

మరుసటి ఆదివారం నాన్న తనంతట తానే పాటల పుస్తకం తన పక్కన నిలబడి పాడే దర్జీ చేతికిచ్చాడు. గొంతు పట్టేసిందన్నాడు. ఆ గొంతు మరి బాగుపడలేదు.

చర్చికి వెళ్ళడం మానలేదు. చదవడం మానలేదు. పాట ఒక్కటే మానేశాడు... బావిలో కూడా. గట్టు మీద బోర్లా పడుకుంటే గడ్డపార చప్పుడు మాత్రం వినిపించేది. ఆ పాటను నేనే మింగేశానని ఏడ్చేదాన్ని.

పెద్దయ్యాక మట్టి చదువే చదివాను. ఆయన వద్దనలేదు. బస్సెక్కించేటప్పుడు "కలపకు" అన్నాడు. అంతే.

ముప్పై ఏళ్ళు.

మొన్న నా ఆఫీసు చూస్తానని వచ్చాడు. చూపు బాగా తగ్గింది. యంత్రంతో నేలలోంచి తీసిన మట్టి కడ్డీలు పొడవాటి చెక్కపెట్టెల్లో వరుసగా పెట్టి ఉంటాయి మా దగ్గర. కుర్చీ లాగి కూర్చోబెట్టాను. ఒక పెట్టె మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

"ఇసుక... బంక... మళ్ళీ ఇసుక..."

ఒక్కటీ తప్పలేదు. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ ఎండ కాసింది."

అవును నాన్నా.

"ఎన్నేళ్ళ కిందట?"

ఇన్నాళ్ళూ ఆయన అడగని ప్రశ్న. అడక్కుండా ఉంటే బాగుండునని నేను కోరుకున్న ప్రశ్న. చాలా కాలం అనొచ్చు. సరిగ్గా తెలీదనొచ్చు. మెత్తటి మాటలు ఎన్నో నోటిదాకా వచ్చాయి. వాటిని మింగి, ఉన్నదే చెప్పాను.

రెండు కోట్ల ఏళ్ళు.

ఆ అంకెను తనలో తాను ఒకసారి పలుక్కున్నాడు. తర్వాత నవ్వాడు.

"నలభై అడుగులకే నాకు నలభై రోజులు పట్టేది. పనివాణ్ణయ్యుండి, ఇంత పనికి ఆరు రోజులెలా సరిపోయాయని ఒక్కసారైనా అనుకోలేదు చూడు!"

నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళ బరువు దిగిపోయిందనుకున్నాను.

అంతలో ఆయన ముఖం చిన్నబోయింది.

"అంత కాలం... మనమెవరమూ లేకుండా... దేవుడు ఒక్కడే ఉన్నాడా తల్లీ?"

నాకు తెలీదు నాన్నా, అన్నాను.

పెట్టె మూత వేయబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ... కాసేపు."