ఎవరూ నీళ్ళు పొయ్యని మొక్క

టప్...

వేలు తగిలితే చాలు, కాయ పగులుతుంది. గింజలు ఎగిరి చెంపకు తగులుతాయి. కోడలు ఉలిక్కిపడి, తనలో తనే నవ్వుకుంటుంది.

అడవి కాశీతుమ్మ. పైన మబ్బు వీడని అడవిలో, నీరు ఊరే బండల మీద పూసే మొక్క. ఎలా దిగివచ్చిందో, ఇంటి వెనక కొండను ఆపే రాతిగోడ పగుల్లో వేరు పెట్టింది.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు గులాబీరంగు పూలు పూశాయి.

గోడకు ఆనుకుని కొత్త గది. గదిలో కుట్టుమిషను, పక్కన ఉయ్యాల, ఉయ్యాలలో పాప.

ఆ గది దగ్గరే గొడవ మొదలైంది. "కొండ కాలు నరక్కురా" అని కొడుకును బతిమాలింది అత్త. కోడలు పంతం పట్టింది. అతగాడు కాసేపు అటూ ఇటూ చూసి, గునపం తీసి, గది కోసం కొండ అడుగు తవ్వాడు. అప్పట్నుంచి అత్తాకోడళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

వానలు మొహం చాటేశాయి. కుండీల్లో మొక్కలన్నీ తలలు వేలాడేశాయి. ఒక్కపూట నీళ్ళు లేకపోతే సొమ్మసిల్లే ఈ కాశీతుమ్మ మాత్రం — నిలబడే ఉంది. నిండుగా, నిగనిగలాడుతూ.

అత్తే పోస్తోంది, అనుకుంది కోడలు. నోటితో మాట్లాడకపోయినా చెంబుతో మాట్లాడుతోంది... మనసు కరిగింది. అత్త టీలో పంచదార ఒక చెంచా ఎక్కువేసింది.

అడక్కుండానే కోడలు కుట్టిన జాకెట్లకు కాజాలు కుట్టిపెట్టింది అత్త.

ఇల్లు చల్లబడింది.

ఇవాళ కోడలు ఉండబట్టలేక అనేసింది.

"మీ చేతి చలవ అత్తయ్యా, మొక్క ఎంత బాగుందో!"

"నా చెయ్యేంటే? రోజూ పోస్తోంది నువ్వేగా?"

"నేనా? లేదే..."

"నేను చుక్క కూడా పొయ్యలేదమ్మా."

ఇద్దరూ నవ్వబోయారు.

నవ్వు రాలేదు.

కోడలు గోడకు అరచెయ్యి ఆనించింది. చల్లగా... తడిగా... రాళ్ళ సందుల్లోంచి ఎర్రమట్టి నీరు మణికట్టు దాకా కారింది. ఇక్కడ వానల్లేవు. పైన అడవిలో మబ్బు ఏనాడూ వీడలేదు.

"పాప..." అంది అత్త.

కోడలు గది దగ్గరికి పరుగెత్తింది. భయం — ఒళ్ళంతా భయం. తలుపు తోసింది.

పొద్దున తేలిగ్గా తెరుచుకున్న తలుపు, పక్కకు ఒరిగిన గుమ్మంలో బిగుసుకుపోయి ఉంది.

భుజంతో కొట్టింది. లోపల పాప లేచి ఏడుస్తోంది.

వెనక గోడ మీద — టప్.

ఎవరూ తాకలేదు.

టప్... టప్...