కీబోర్డు మీద కుంకుమ

మారప్ప కంప్యూటరు మీది ముసుగు తీసి, మడిచి కిటికీ గట్టున పెట్టాడు. పాత చీర కొంగుతో అతడి భార్య గౌరమ్మ కుట్టిన ముసుగు అది. ఆమె పోయి ఏడాది దాటింది. కె.ఆర్.పురంలోని ఆ పట్టుమగ్గాల షెడ్డులో, కంప్యూటరు పక్కనే అట్టలకు రంధ్రాలు కొట్టే యంత్రం ఉంది. ఆ అట్టలు ఎక్కితేనే మగ్గం చీర అంచున పువ్వు నేస్తుంది. మారప్ప కుడి బొటనవేలి గోరు ఆ యంత్రంలో నలిగి, మళ్ళీ సరిగా మొలవలేదు.

మొన్న ఆయుధపూజ, నిన్న దసరా. మొన్న అన్నిటికీ కుంకుమ పెట్టి, కీబోర్డు మీద అక్షింతలు చల్లి వెళ్ళాడు. పూజ చేసిన పనిముట్టును ఆ రెండు రోజులూ ఎవరూ తాకరు.

స్విచ్ వేశాడు. కంప్యూటరు లేచింది. రంధ్రాల యంత్రం కదలలేదు. వైరు పీకి మళ్ళీ పెట్టాడు. కదలలేదు. అప్పుడు చూశాడు. అక్షింతలు ఒక మూలకు ఊడ్చి ఉన్నాయి. కుంకుమ మీటల మీద వేలిముద్రలుగా అలుముకుంది.

కంప్యూటర్లు చూసే వంశీ లోపలికి వచ్చాడు. మారప్పది, అతడిది ఒకే ఊరు. చదువుకునే రోజుల్లో మారప్ప ఇంట్లోనే తిన్నాడు. ఈ పని ఇప్పించింది కూడా మారప్పే.

"పండగ పూట వచ్చినావా అప్పా?"

"కొత్త కెర్నల్ వేసినా మామా. పాతది శానా స్లో."

కెర్నల్ అంటే కంప్యూటరుకు తగిలించిన ప్రతి వస్తువునూ గుర్తుపట్టే లోపలి ప్రోగ్రాం. దాన్ని తయారుచేసేటప్పుడు ఒక్కో వస్తువు పేరూ చూపించి, ఉంచాలా తీసేయాలా అని అడుగుతుంది. రంధ్రాల యంత్రం తగిలి ఉన్నది కంప్యూటరు లోపల బిగించిన ఒక పాత కార్డుకు. అలాంటివి ఇప్పుడెవరూ అమ్మరు. తీసేయమంటే యంత్రం ఉన్నా లేనట్టే. ఇదంతా ఒకప్పుడు అన్నం తింటూ వంశీ చెప్పిందే. అప్పుడు గౌరమ్మ, చారు పోస్తూ, "అట్లయితే దాన్ని తీసేయాకప్పా, మీ మామ కూడు దాంట్లోనే ఉండాది" అంది. "నేనున్నాను కదత్తా" అన్నాడు వంశీ.

"పాత కార్డు మర్చిపోయినావా?"

"లేదు మామా." వంశీ నేల చూశాడు. "సావుకారు తీసేయమన్నాడు. అట్టలు బయట కొట్టించుకుంటాడంట. నేను కాకుంటే ఇంకొకడు తీసేస్తాడు."

"ఇంకొకడికి మీ అత్త అన్నం పెట్టలేదులే."

"మామా..."

"నా మొగాన చెప్పింటే సరిపోయేది. పండగ చూసుకోని వచ్చినావే!"

మధ్యాహ్నం యజమాని చంద్రశేఖర్ వచ్చాడు. "మెషినే సచ్చిపోయింది కదా మారప్పా, ఏం చేద్దాం?" అన్నాడు. అది చావలేదని ముగ్గురికీ తెలుసు.

మారప్ప క్యారియరు చేతికి తీసుకున్నాడు. కుంకుమ తుడవలేదు. కంప్యూటరు ఆపలేదు. రోజూ సాయంత్రం చేసినట్టే ముసుగు కప్పి, అంచులు సరిచేసి, గేటు వైపు నడిచాడు.

"మామా, అత్త కుట్టిందిది, తీసుకోని పో!" అని వంశీ అరిచాడు.

మారప్ప వెనక్కి తిరగలేదు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

అతడు వెళ్ళిన సాయంత్రం షెడ్డు ఖాళీ అయ్యాక కూడా కంప్యూటరు నడుస్తూనే ఉంది. లోపలి ఫ్యాను గాలికి, గౌరమ్మ ఎర్రదారంతో మామిడిపిందె కుట్టిన ముసుగు మూల కొంచెం లేస్తోంది, పడుతోంది.