అద్దంలో నేర్చిన పాట

ముందు వినిపించింది చప్పుడు. దాన్ని పుట్టించిన మనిషి గాని, వస్తువు గాని ఇంకా ఎవరి కంటా పడలేదు. తుప్పు పట్టిన తలుపు ఒకటి నిట్టూర్చినట్టు, నిట్టూర్చి తనకు తనే సిగ్గుపడి నోరు మూసుకున్నట్టు, అంతలోనే తెగించి రెండింతలు గట్టిగా మూలిగినట్టు, ఆ చప్పుడు మేడమెట్ల మీదుగా మెల్లగా పైకి పాకింది. మొదటి అంతస్తువాళ్ళు నీళ్ళ మోటారు గాలి పీలుస్తోందని స్విచ్చి ఆపేశారు. రెండో అంతస్తు పెద్దావిడ, పాపం ఏ పిల్లి తోక నలిగిందోనని మంచం కింద వెతికింది. ఆ పై అంతస్తులో ఉండే మేడ సంఘం కార్యదర్శి లిఫ్టు తలుపులకు నూనె పోయించి, పోయించిన సంగతి నోటీసు బోర్డు మీద అంటించాడు. అయినా చప్పుడు ఆగలేదు. నూనెకు లొంగే రకం కాదది. అది సంగీతం.

కనీసం దాన్ని వాయిస్తున్న మనిషి అభిప్రాయం అది.

ఆ మనిషి ఆ మేడలోనే కాపురముంటూ, కింద కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. ఊరందరికీ కళ్ళజోళ్ళాయన. మాట పొదుపు, నవ్వు ఇంకా పొదుపు. అలాంటివాడు, పళ్ళడాక్టరు తప్ప ఇంకెవరూ మన నోటి జోలికి రాని నడివయసులో, ఒక హార్మోనికా కొని నోట పెట్టుకున్నాడు. పది రంధ్రాల వెండిరంగు డబ్బా. ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకో స్వరం. ఇంత తేలికైన వాద్యం లోకంలో లేదని దాని అట్టపెట్టె మీద రాసి ఉంది. అట్టపెట్టెలు అబద్ధం చెబుతాయా!

గురువు ఫోన్‌లో ఉండేవాడు. పెద్ద టోపీ, చిన్న గడ్డం, ఎంత తప్పు వాయించినా కోప్పడని శాంతస్వభావం. శిష్యుడు వాయించేది వినిపించని గురువులందరికీ ఉండే స్వభావమే అది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ దుకాణం తలుపు ఓరగా వేసి, గోడకున్న నిలువుటద్దం అంచున ఫోను నిలబెట్టి, కళ్ళజోళ్ళాయన సాధనకు కూర్చునేవాడు. గురువు హార్మోనికాలో బొంగురు స్వరాలుండే కొస తెర మీద ఏ వైపు కనిపిస్తే, తన దాన్నీ ఆ వైపుకే తిప్పి పట్టుకునేవాడు. క్రమశిక్షణ అంటే అదీ!

అలా పట్టుకుంటే, రంధ్రాల మీద చెక్కిన అంకెలు అడుగుకు పోయాయి. వాయించేవాడికి కనబడవు, వినేవాడికి కనబడవు. అంకెలు అక్కడెందుకు చెక్కినట్టు? తయారుచేసినవాడి వినయం కాబోలు అనుకున్నాడు. గురువు స్వరం మెట్లెక్కుతుంటే తనది దిగుతోందని చెవి ఒకటి రెండుసార్లు ఫిర్యాదు చేసింది. మెట్లు అవేగా, ఎక్కితేనేం దిగితేనేం అని చెవిని గదమాయించాడు. నాలుకతో ఎడమ నుంచి రంధ్రాలు లెక్కపెట్టుకుంటూ, గురువు చెప్పిన అంకె చెప్పినట్టు ఊదాడు, పీల్చాడు, ఊదాడు. పెదాలు పగిలాయి. పట్టుదల పగల్లేదు.

నేర్చుకుంటున్నది ఒకే ఒక్క పాట. పాలుతాగే పిల్లలకు కూడా తెలిసిన పాట. పెళ్ళయిన కొత్తల్లో అతని భార్య, పనికి వెళ్ళేముందు జడ వేసుకుంటూ ఆ పాటను కూనిరాగం తీసేది. జడ పూర్తయ్యేసరికి పాటా పూర్తయ్యేది. ఎప్పుడు మానేసిందో అతనికి గుర్తు లేదు. జడ ముడిగా మారినప్పుడా, వంటింటి కిటికీకి తెర మారినప్పుడా? ఒకరోజు ఇంట్లో ఆ పాట లేదని మాత్రం తెలిసింది. పోయిన వస్తువును వెతికి పెట్టడం అతనికి చేతనవును. మాటతో అడగడం చేతకాదు. అందుకే హార్మోనికా.

ఈ సంగతి భార్యకు చెప్పలేదు. చెబితే ఇక వాయించడమెందుకు!

*

ఒక రాత్రి భోజనాల దగ్గరకు బావమరిది వచ్చాడు. పాత ఇనుము వ్యాపారం అతనిది. దేన్ని చూసినా ముందు బరువు అంచనా వేస్తాడు.

"ఏం బావా, ఇవాళ కూడా ఆ నోటిబాజా ప్రాణం తీశావా?"

"సాధన రా."

"సాధన నీకు, బాధ మాకు. అక్కా, ఎలా భరిస్తున్నావే?"

"నాకేం, పగలంతా లాబ్‌లో హాయిగా ఉంటాను," అంది ఆవిడ, అన్నం వడ్డిస్తూ. రక్తపరీక్షల కేంద్రంలో పని ఆవిడది. "అక్కడ సూది గుచ్చితే జనం ఒక్కసారే అరుస్తారు. ఇంట్లోలాగా అంచెలంచెలుగా కాదు."

కళ్ళజోళ్ళాయన నొచ్చుకున్నాడు. "ఇదిగో, నువ్వు కూడానా..."

"అదిగో, వచ్చింది 'ఇదిగో'!" అని బావమరిది చప్పట్లు కొట్టాడు. "బావా, ఆ మధ్య నీ ఫోన్ మోగితే చూశాను. 'ఇల్లు' అని పడింది. ఇల్లు ఫోన్ చేయడమేంటా, గోడలకేమన్నా నోళ్ళొచ్చాయా అని భయపడి చచ్చాను. ఎత్తితే మా అక్క!"

ఆవిడ నవ్వలేదు. గరిటె పక్కన పెట్టింది.

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళందర్నీ పేరు పెట్టి పిలుస్తాన్రా నేను. ఎంత నీరసంగా ఉన్న మనిషైనా సరే, తన పేరు వినబడితే తలెత్తి చూస్తాడు. ఇంటికొస్తే నాకు 'ఇదిగో'. నేనేమన్నా తాళంచెవినా, వెతుక్కుని దొరికినప్పుడల్లా ఇదిగో అనడానికి?"

కళ్ళజోళ్ళాయన అన్నం కలుపుతూ ఉండిపోయాడు. కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపాడు.

పేరు తెలియక కాదు. పెళ్ళయిన కొత్తలో పెద్దల ముందు పిలవడానికి సిగ్గేసింది. సిగ్గు తీరేసరికి అలవాటయింది. అలవాటు ముదిరాక, ఇన్నేళ్ళ తర్వాత ఉన్నట్టుండి పేరు పెట్టి పిలిస్తే, ఏం తప్పు చేసి వచ్చాడోనని అనుమానిస్తుందని భయమేసింది. ఎన్నోసార్లు గుమ్మంలో నిలబడి, పిలుద్దామని ఊపిరి నిండా పీల్చాడు. పీల్చిందంతా తీరా బయటికొచ్చేసరికి 'ఇదిగో' అయ్యేది.

"సరే, ఒక పని చెయ్యండి," అంది ఆవిడ. "ఆదివారం సాయంత్రం మేడమీద అందరూ కలుస్తున్నారు కదా. అక్కడ వాయించండి. వాయించాక అది ఫలానా పాట అని పేరు చెప్పేవాళ్ళు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరుంటే చాలు, అది మనింట్లో ఉంటుంది. నేనింక నోరెత్తను. లేకపోతే తమ్ముడు పట్టుకుపోతాడు."

"తూకానికి," అన్నాడు తమ్ముడు, కళ్ళు మెరుస్తుండగా. "ఇత్తడి రేకులుంటాయి బావా లోపల. చెడ్డ సరుకేం కాదు."

"పాలుతాగే పిల్లలు కూడా చెబుతారు ఆ పాట పేరు," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

అంత నిబ్బరంగా అతను మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆవిడ ఒక్క క్షణం అతని వైపు చూసి, గరిటె మళ్ళీ అందుకుంది.

*

ఆదివారం మధ్యాహ్నం రెండో అంతస్తు పెద్దావిడ చూపు పరీక్షకు దిగింది. కళ్ళజోళ్ళాయన దుకాణం రైలుపెట్టెలా సన్నం. అదైనా సగం పెట్టే. అక్షరాల పట్టీకీ మనిషికీ మధ్య ఉండవలసినంత దూరం అందులో లేదు. అందుకని పట్టీని కుర్చీ వెనక, మనిషి తలకు పైగా గోడకు తగిలించి, ఎదుటి గోడకు నిలువుటద్దం పెట్టాడు. అద్దంలో చూసి చదవాలి. అద్దం తిరగేస్తుంది గనుక పట్టీ మీది అక్షరాలను ముందే తిరగేసి అచ్చువేశారు. వచ్చిన ప్రతివాళ్ళూ వెనక్కి తిరిగి చూసి కంగారుపడతారు. ప్రతివాళ్ళకూ అతను ఒకే ఉపన్యాసం చెబుతాడు. మాటల పొదుపరి ధారాళంగా మాట్లాడేది ఆ ఒక్కచోటే.

"ఏం నాయనా, గోడమీద అక్షరాలు తిరగబడ్డాయేం? నా కళ్ళు మరీ పాడయ్యాయా?"

"కళ్ళు కాదమ్మా. ఎదురుగా కనబడేదాన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదు. ఎదుటివాడి ఎడమచెయ్యి మనకు కుడివైపు కనబడుతుంది. మనం దాన్ని బుర్రలో తిరగేసుకోవాలి. అంతేగాని కనబడింది కనబడినట్టు దించేసుకుంటే మొత్తం తలకిందులే. ఆ మాత్రం తెలియకపోతే..."

ఆగిపోయాడు. రోజుకు ఎందరికో చెప్పే ఉపన్యాసం. ఇన్నేళ్ళలో మొదటిసారి అతను స్వయంగా విన్నాడు.

"ఆ మాత్రం తెలియకపోతే?" అంది పెద్దావిడ, వినయంగా.

"బుర్ర లేనట్టేనమ్మా," అన్నాడు నీరసంగా.

సొరుగులోంచి హార్మోనికా తీశాడు. తిప్పి చూశాడు. అడుగున, తయారుచేసినవాడి వినయమనుకున్న అంకెలు, ఒకటి మొదలు పది దాకా, బుద్ధిగా వరసలో నిలబడి అతన్ని చూస్తున్నాయి. అంకెలు పైకి వచ్చేలా సరిగ్గా పట్టుకుని నోట పెట్టుకున్నాడు. నాలుక ఎడమకు పోతే స్వరం కిందకు పోయింది. కుడికి పోతే పైకి పోయింది. నాలుక బిత్తరపోయింది. ఇన్నాళ్ళు నేర్చినదంతా కొత్త ఊళ్ళో దిగిన మనిషిలా దారి తెలియక దిక్కులు చూసింది. ఎక్కవలసిన చోటల్లా దిగుతూ, దిగవలసిన చోటల్లా ఎక్కుతూ, ఒక పాటను మొదటి నుంచి చివరి దాకా అతను బోర్లించి నేర్చుకున్నాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, తిరగబడ్డ అక్షరాల కిందే కూర్చుని!

"ఏంటి నాయనా, అలా అయిపోయావు?" అంది పెద్దావిడ. "నాకు శుక్లాలా?"

"మీకేం లేదమ్మా," అన్నాడు. "మీ చూపు బ్రహ్మాండంగా ఉంది."

సాయంత్రానికి పాటను మళ్ళీ తిరగేసి నేర్చుకోవడం కుదిరే పని కాదు.

*

మేడమీద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మైకు దొరికితే వదలని కార్యదర్శి, లిఫ్టుకు నూనె పోయించిన వైనం మరోసారి వివరించి, చివరికి ఎంతో అయిష్టంగా మైకును ఇంకొకరి కోసం వంచాడు. "ఇప్పుడు మన కళ్ళజోళ్ళాయన హార్మోనికా వాదనం. అందరికీ తెలిసిన పాటేనట. పేరు మీరే చెప్పాలి!"

మూడో వరసలో అతని భార్య కూర్చుంది. పక్కనే బావమరిది, ఒళ్ళో మడత పెట్టిన ఖాళీ గోనెసంచితో. ఆ వేలెడు డబ్బాకు గోనెసంచి ఎందుకంటే, వేళాకోళానికి కొలతలుండవు.

కళ్ళజోళ్ళాయన హార్మోనికాను ఒకసారి ఇటు తిప్పాడు, ఒకసారి అటు తిప్పాడు. సరిగ్గా పట్టుకుంటే చేతకాదు. చేతనయినట్టు పట్టుకుంటే అది ఆ పాట కాదు. రెండూ తెలిసి, అంకెల్ని అడుగుకు తిప్పి, కళ్ళు మూసుకుని వాయించాడు. ఒక్క స్వరం కూడా తడబడలేదు. ఇంత శుద్ధంగా ఇంత తప్పు పాటను ఎవరూ వాయించి ఉండరు.

అయిపోయింది. మేడమీద ఆరేసిన బట్టలు మాత్రం చప్పట్లు కొట్టాయి.

"పాత సినిమాలోది," అన్నారొకరు. "కాదు, కొత్త ప్రకటనలోది, సబ్బుది," అన్నారింకొకరు. "ఏదో దేశం జాతీయగీతంలా ఉంది, లేచి నిలబడాలేమో," అని ఇంకో పెద్దమనిషి సగం లేచి, ఎవరూ లేవకపోవడంతో చొక్కా సర్దుకుని కూర్చున్నాడు. రెండో అంతస్తు పెద్దావిడ మాత్రం, "ఏ పాటయితేనేం గాని, ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక వచ్చే ఊపిరిలా ఉంది నాయనా," అంది.

అతను భార్య వైపు చూశాడు. ఆవిడకు కూడా తెలియలేదు. తెలిసిన మనిషినే వీపు వైపు నుంచి చూసినట్టు, ఎవరో అందీ అందక, తల కొంచెం పక్కకు వాల్చి చూస్తోంది. చేతివేళ్ళు రెండు, తనకే తెలియకుండా, ఎప్పుడో వేసుకున్న జడ కొస కోసం భుజం మీద తడుముతున్నాయి. దొరకలేదు. చెయ్యి ఒళ్ళోకి జారింది.

"పేరు చెప్పేవాళ్ళు లేరా?" అన్నాడు కార్యదర్శి, మైకు తిరిగి తన దగ్గరకొస్తుందన్న ఆశతో. "ఎవ్వరూ లేరా?"

బావమరిది లేచి గోనెసంచి దులిపాడు. "పద బావా, వెయ్యి. ఏడవకు, జ్ఞాపకానికి ఒక రేకు ఉంచుతాలే."

అసలు పాట పేరు చెప్పేయవచ్చు. చెబితే జనం నవ్వుతారు, నవ్వనీ. కాని అబద్ధమవుతుంది. ఇది ఆ పాట కాదు. దీన్ని ఇంతకుముందు ఎవరూ పాడలేదు, ఎవరూ వినలేదు. ఆమె పాటే, అద్దంలో పడి, దారి తప్పి, తలకిందులై, అతని ఊపిరితో బతికి బయటపడింది. పేరు లేదు దానికి. పేరు లేకుండా ఒక ఇంట్లో ఎన్నేళ్ళుండాలి ఎవరైనా?

"నేను చెబుతాను," అన్నాడు.

"నువ్వెలా చెబుతావు బావా? అది చెల్లదు!"

"ఒక్కరు చెబితే చాలంది మీ అక్క. ఆ ఒక్కరు ఎవరో చెప్పలేదు."

బావమరిది న్యాయం కోసం అక్క వైపు తిరిగాడు. అక్క మాత్రం భర్త వైపే చూస్తోంది.

"చెప్పండి మరి," అన్నాడు కార్యదర్శి. "ఏంటి దీని పేరు?"

కళ్ళజోళ్ళాయన మైకు దగ్గరకు వంగాడు. గుమ్మంలో నిలబడి ఎన్నోసార్లు పీల్చినట్టే, ఊపిరి నిండా పీల్చాడు. హార్మోనికా అతనికి పాట నేర్పలేదు గాని, ఒక్క సంగతి నేర్పింది. పీల్చింది లోపల దాచుకుంటే చప్పుడు రాదు. నోటి చివరకు 'ఇదిగో' వచ్చి, అలవాటు కొద్దీ గడపలో నిలబడింది. దాన్ని పక్కకు తప్పించాడు. మూడో వరస వైపు చూస్తూ, మేడంతా వినబడేలా, ఒక్క స్వరం తడబడకుండా అన్నాడు:

"వకుళ."