కత్తెరమ్మ ఖాతా

ఇంట్లో బట్టలు కుట్టుకునేవాళ్ళ కోసం ఇంటర్నెట్‌లో ఈ ఫోరం మొదలుపెట్టింది నేను. బాబిన్ దారం చిక్కుపడినా, చంక దగ్గర ముడతలొచ్చినా పదకొండేళ్ళుగా జవాబు చెప్పిందీ నేనే. అక్కడ నా పేరు కత్తెరమ్మ. నాలుగేళ్ళ కిందట మా తోటికోడలు సూదిపిల్ల అనే పేరుతో చేరింది. చేర్పించింది కూడా నేనే, నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి. ఏకులా వచ్చి మేకై కూర్చుంది.

నచ్చిన జవాబు కింద జనం 'ధన్యవాదాలు' అని నొక్కుతారు. ఎవరికెన్ని వచ్చాయో పేరు పక్కనే కనిపిస్తుంది. నాకు నాలుగు వేలు, దానికి తొమ్మిది వేలు. అది చూసినప్పుడల్లా కడుపు మండేది. అయినా రోజూ పొద్దున్నే ముందు చూసేది అదే.

ఫోరం నడిచే సాఫ్ట్‌వేర్ ముసలిదైపోయింది. నలుగురు ఒకేసారి ఫొటోలు పెడితే కూలబడుతోంది, ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉంటున్నాయి. సర్వర్ పని చూసే మా ఆడపడుచు రెండు కొత్త సాఫ్ట్‌వేర్లు తెచ్చి, మా భోజనాల బల్ల దగ్గర చూపించింది. రెండోది బాగుందని తోటికోడలు అంది. నిజానికి అదే బాగుంది. తోటికోడలు మెచ్చుకుంది కాబట్టి నేను మొదటిదాన్ని పట్టుకు వేలాడాను.

"వదినా, రెండింట్లోనూ మన పాత రాతలన్నీ ఎక్కించి ఉంచాను. నింపాదిగా చూసి చెప్పు," అని ఆడపడుచు వెళ్ళిపోయింది.

మర్నాడు ఒక్కదాన్నే కూర్చుని రెండోది తెరిచాను. కత్తెరమ్మ పక్కన పదమూడు వేలు ఉంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. సూదిపిల్ల ఎక్కడా లేదు. దాని జవాబులన్నీ నా పేరు మీద ఉన్నాయి. సంగతి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. మా ఇంటిల్లిపాదికీ మెయిల్ ఒక్కటే, కరెంటు బిల్లు నుంచి బడి కబుర్ల దాకా అన్నీ అందులోకే వస్తాయి. ఇద్దరం దానితోనే ఫోరంలో చేరాం. కొత్త సాఫ్ట్‌వేర్ ఒక మెయిల్‌కి ఒకే మనిషి అనుకుని, పాత ఖాతాలో కొత్తదాన్ని కలిపేసింది. సూదిపిల్ల ఖాతాకి వేరే మెయిల్ ఇస్తే చాలు, ఐదు నిమిషాల పని.

సాయంత్రం ఆడపడుచుకి ఫోన్ చేసి, "చిన్నది చెప్పిందే బాగుంది, అదే పెట్టెయ్యి," అన్నాను.

"అన్నీ సరిచూశావా?"

"చూశాను."

నాది పెద్ద మనసని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

మార్పు జరిగిన రెండో రోజు నేను గిన్నెలు తోముతుంటే తోటికోడలు వచ్చింది.

"అక్కా, నా పేరు కనిపించట్లేదు."

"మెయిల్ ఒకటే కదా, కలిసిపోయిందట. ఇక విడదీయడం కుదరదట," అన్నాను తలెత్తకుండా.

"పోనీలెండి, రాసినవి పోలేదుగా. మళ్ళీ కొత్త పేరెందుకు? ఇద్దరం మీ ఖాతాలోంచే రాసేద్దాం. పొద్దున మీరు, మధ్యాహ్నం నేను."

దెబ్బలాటకి మాటలన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను, ఒక్కటీ పనికిరాలేదు. అంత తేలిగ్గా ఎలా వదులుకుందో, దానికీ కుళ్ళుకున్నాను.

పదమూడు వేల ముచ్చట వారం నిలిచింది. ఆ తర్వాత పొద్దున నేను కూర్చుంటే ప్రశ్నలు రావడం మానేశాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో తేడా ఉందని ఆడపడుచుని దులిపేశాను. పాపం, అది రెండు రోజులు వెతికి ఏ తేడా లేదంది.

ఇవాళ ఒక పెద్దాయన, పాతకాలపు టైలరు, నాకు విడిగా కబురు రాశాడు.

'కత్తెరమ్మగారూ, తప్పుగా అనుకోకండి. మీరు పొద్దున పూట కసురుకుంటారు, మధ్యాహ్నం ఎంతో ఓపిగ్గా చెబుతారు. ఒంట్లో ఏ నొప్పి ఉందో అని మాకు బెంగ. పొద్దున మిమ్మల్ని కదిలించొద్దని మేమంతా అనుకున్నాం. మందులు వేళకు వేసుకోండి.'

రెండుసార్లు చదివాను. ఎవరూ చూడకపోయినా సిగ్గుతో చచ్చిపోయాను. పన్నెండు దాటగానే ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలైంది. ఒక్కదానికీ జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

తోటికోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. నేను కుర్చీలోంచి లేచాను.

"కూర్చో. అందరూ నీకోసమే కాచుక్కూచున్నారు," అన్నాను.

"నాకోసం ఎందుకక్కా, కత్తెరమ్మగారూ అనే కదా అడుగుతున్నారు," అని నవ్వి, నా పేరుతో జవాబు రాయడం మొదలుపెట్టింది.