మళ్ళీ వీరవ్వ హోటల్‌కు

టైఫాయిడ్ తగ్గింది గానీ శశికళకు అన్నం సయించడం లేదు. కలిపిన ముద్ద నోటిదాకా వెళ్ళేది, అక్కడి నుంచి మళ్ళీ కంచంలోకి వచ్చేది. మానుకోట దవాఖానలో డాక్టరమ్మ రిపోర్టులన్నీ తిరగేసి, రోగం పోయింది, ఇక తినడమొక్కటే మందు, తినకపోతే మళ్ళీ మంచాన పడుతుంది అని చెప్పి పంపింది. ఆ మాట శశికళ కన్నా ఆమె మొగుడు సదానందానికి ఎక్కువ తగిలింది. ఆమె చెల్లెలు పంపిన చారు, మార్కెట్లో ఏరి తెచ్చిన బత్తాయిలు, తానే కాచిన జొన్న జావ, ఏదీ పని చేయలేదు. పాపం, పొలానికి పోయే ముందు జావ గిన్నె మీద మూతపెట్టి, మంచం పక్కన జాగ్రత్తగా పెట్టి మరీ పోయేవాడు. సాయంత్రం వచ్చి చూస్తే జావ మీద మీగడ కట్టి ఉండేది.

"మరేం తింటవో నువ్వే చెప్పు. ఏదన్నా సరే తెస్త" అన్నాడు ఒకరోజు విసుగూ భయమూ కలిపి.

ఆమె గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. "కేసముద్రం పోదామా? వీరవ్వ హోటల్‌కు" అంది.

సదానందానికి ప్రాణం లేచొచ్చింది. ఆ హోటల్ ఆయనకు తెలియనిదా! మక్కలో పత్తో కేసముద్రం మార్కెట్ యార్డుకు తోలిన ప్రతిసారీ మొగుడూ పెళ్ళాలిద్దరూ అక్కడే తినేవాళ్ళు. కొన్నేళ్ళుగా బేరగాళ్ళు కల్లం దగ్గరికే వచ్చి కొంటున్నారు కాబట్టి అటు పోయే పని పడలేదు. బండి మీద దారి పొడవునా ఆయన వీరవ్వ నాటుకోడి కూర గురించే చెబుతూ పోయాడు. ఆ కారం, ఆ పులుసు, అడుగున మాడిన ఆ మసాలా. తినాల్సింది ఆమె అయితే, నోరూరింది మాత్రం ఆయనకు.

తీరా వెళ్ళి చూస్తే రేకుల షెడ్డు లేదు. అద్దాల తలుపులు, నున్నటి బండలు, పైన పెద్ద బోర్డు. వీరవ్వ గోడ మీద ఫోటోలో దండ వేసుకుని ఉంది. కౌంటర్లో ఆమె కొడుకు శ్యాం గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"రా అన్నా, రా అక్కా. శానా దినాలాయె. అమ్మ పోయినేడు పోయింది" అన్నాడు. "ప్లేట్లు గా మూలకున్నయి. లైన్ల నిలవడి పెట్టించుకునుడే. ఇప్పుడంతా సెల్ఫ్ సర్వీసు."

సదానందం లైనులో నిలబడకుండా ముందు కూర గిన్నెలోకి తొంగిచూశాడు. రంగు ఎర్రగా నిగనిగలాడుతోంది. గరిటె అంచుకున్న పులుసును వేలితో తీసి నాకి చూశాడు. నాలుకకు ఏమీ తగల్లేదు. ఇంత దూరం తెచ్చి ఆమెకు ఇది పెట్టాలా అని ఆయనకు కడుపు మండిపోయింది. తిన్నగా వంటింట్లోకి దూరాడు; శ్యాం వెనకే వచ్చాడు.

"గిదేం కూర శ్యాం? మీ అమ్మ గిట్లనే వండెనా? గిది నాటుకోడేనా అసలు?"

"గింతమందికి నాటుకోళ్ళు యాడ దొరుకుతయే అన్నా? కట్టెల పొయ్యి కాదాయె, ఇప్పుడంతా గ్యాసే" అన్నాడు శ్యాం ఓపిగ్గా.

సదానందం వదిలే మనిషా! ఒక చిన్న గిన్నెలో విడిగా ఉల్లిగడ్డ వేయించమన్నాడు, కారం ఇంకొంచెం అన్నాడు, చింతపులుసు పోయమన్నాడు. వంటవాడి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ గిన్నె పట్టుకుని గెలిచినవాడిలా బయటికి వచ్చేసరికి, శశికళ లైనులో నిలబడి రెండు ప్లేట్లలో అన్నం పెట్టించుకుని, బల్ల దగ్గరికి మోసుకొచ్చి, ఆయనకు మంచినీళ్ళ గ్లాసు కూడా తెచ్చిపెట్టి, గోడకు ఆనుకుని రొప్పుతోంది. ఆమె ప్లేటులో అన్నం చేయి పెట్టినట్టు లేదు.

"గీ కూర ఏసుకో. మంచిగ చేయించిన" అన్నాడు.

"నాకు ఒద్దు. నువ్వు తిను."

"ఎంత చేయించినా పాత రుచి రాలె, నాకెర్కే. పా, వరంగల్ పోదాం. అక్కడ మంచి హోటల్ ఉన్నది."

"కూర సంగతి ఎవలడిగిండ్రు నిన్ను?" అంది శశికళ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "వీరవ్వ మీ మొగోళ్ళను బయట బెంచీ మీద కూసోబెట్టేది, యాదికున్నదా?"

"ఎందుకు లేదు? ఆకలైతుందే అంటే లోపల జాగ లేదనేది."

"జాగ ఉండె. లోపల మేము తింటుంటిమి. యార్డుకొచ్చిన ఆడోళ్ళకు పెట్టినంకనే మొగోళ్ళను పిలిచేది ఆమె. లేవబోతే భుజం మీద చెయ్యేసి, నువ్వు కూసో బిడ్డా, నేనున్న గదా అనేది. అడిగి అడిగి పెట్టేది. కూర ఎట్లుంటుండెనో నాకు యాదికి లేదు. కూసున్నది యాదికున్నది."

ఇంట్లో నిన్ను కూసోవద్దని ఎవలన్నరు అనబోయాడు సదానందం. వద్దని ఎవరూ అనలేదు నిజమే. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. ఆయనకు పెళ్ళైన ఇన్నేళ్ళకు మొదటిసారి ఆమె ముందు సిగ్గేసింది.

ఆమె ముందున్న ప్లేటు తీసి పక్కన పెట్టి, "నువ్వు కూసో" అని కొత్త ప్లేటుతో వెళ్ళి లైనులో నిలబడ్డాడు. ముందు పత్తి బేరగాళ్ళు, హమాలీలు. ఆయన వంతు వచ్చింది.

"ఎవలికన్నా?" అన్నాడు వడ్డించేవాడు.

"మా ఆమెకు."

"ఎంత పెట్టాలె?"

సదానందం ఎకరానికి ఎన్ని బస్తాల ఎరువో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. బర్రె ఎండాకాలం ఎంత మేస్తుందో, వానాకాలం ఎంత మేస్తుందో వేరువేరుగా చెబుతాడు. శశికళ ఎంత తింటుందో మాత్రం ఆయనకు తెలియదు. ఇంట్లో ఆయన తిని, చేయి కడుక్కుని వాకిట్లోకి వచ్చాకే ఆమె తినేది. వెనకాల జనం తొందరపెడుతున్నారు. గరిటె గాల్లో ఉంది.

"పెట్టు" అన్నాడు. "ఇంకా పెట్టు."

గుట్టలా ఉన్న ప్లేటు చూసి శశికళ నవ్వింది. జ్వరం వచ్చినప్పటి నుంచీ ఆ నవ్వు చూడలేదాయన. "నేనేమన్న హమాలినా?"

"నాకేమెర్క? తిను, సాలినకాడికి ఆపు" అన్నాడు.

చారు గిన్నె పట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాడు. "నువ్వు గూడ కూసో, అందరు చూస్తుండ్రు" అందామె. చూడనీ అన్నాడు. ముద్దకు ముద్దకు మధ్య చారు పోశాడు, కాస్త ఎక్కువే పోశాడు, బల్ల మీద కూడా పోశాడు. చారులో ఉప్పు లేదు. ఆమె నెమ్మదిగా, తలెత్తకుండా తింది.

అన్నంలో ఒక మూల మాత్రమే తరిగింది. ఆమె చేయి ఆపింది. ఆ తరిగిన మేరను సదానందం వంగి, విత్తనాలు చూసుకున్నట్టు చూశాడు.

"గింతేనా నువ్వు తినేది?"

"ఇయ్యాల గింతే" అంది శశికళ, మిగిలిన ప్లేటు ఆయన వైపు జరుపుతూ. "రేపు జర ఎక్కువ పెట్టు."