చెవులపిల్లి బరువు

పొద్దున్న రాజోలు వెళ్ళే మొదటి బస్సు మలుపులో హారన్ కొట్టగానే వీరాయమ్మ ఇంట్లో మూడు పనులు ఒకేసారి మొదలయ్యేవి. వీరాయమ్మ టీ పెట్టేది. దుర్గ చెవులపిల్లుల గూడు తలుపు తీసేది. సత్యవతి చీపురందుకుని, ఎవరూ అడక్కుండానే వాకిలంతా ఊడ్చేసేది. పదేళ్ళు కువైట్లో ఇంటిపని చేసొచ్చిన చేతులు మరి, ఊరుకోమంటే ఊరుకుంటాయా!

"అయ్యో, మీరెందుకండీ, నేను ఊడుస్తాను కదా" అనేది దుర్గ.

ఎవరితో అంటోందనుకున్నారు? కన్నతల్లితో. పెంచిన దొడ్డమ్మ వీరాయమ్మని "నువ్వు" అంటుంది, కాలేజీలో లెక్చరర్ని కూడా వెనకాల నువ్వనే అంటుంది. సత్యవతి దగ్గరికొచ్చేసరికి మాత్రం "మీరు", "అండి". కోనసీమలో మర్యాదకేం లోటు లేదు కానీ, పదహారేళ్ళ కూతురు తల్లికి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, పక్కన నిలబడితే అది మర్యాదా, శిక్షా? సత్యవతికి ప్రాణం ఉసూరుమనేది.

మొగుడు పోయినప్పుడు దుర్గకి ఆరేళ్ళు. పిల్లని అక్క చేతిలో పెట్టి సత్యవతి విమానం ఎక్కింది. మధ్యలో ఒక్కసారి, ఇంటికి శ్లాబ్ వేసినప్పుడు, ఇరవై రోజులుండి వెళ్ళింది. ఇప్పుడు రెండు నెలల సెలవు. మళ్ళీ వెళ్ళడానికి వీసా, టిక్కెట్టూ అన్నీ సిద్ధం. ఈ రెండు నెలల్లో ఆవిడ కోరిక ఒక్కటే. పిల్ల ఒక్కసారి, ఒకే ఒక్కసారి వచ్చి తన ఒళ్ళో తల పెట్టుకోవాలి.

చెవులపిల్లుల సంగతి చెప్పాలి. ఆ వీధిలో చెవులపిల్లులకి ఓ అలవాటుంది. భయం వదిలి మనిషి ఒళ్ళో స్థిమితంగా కూర్చుంటే, ఆ మనిషి ఎవరి కోసం బెంగపడుతున్నారో వాళ్ళ ఒళ్ళోకి దాని బరువెళ్ళిపోతుంది. ఇక్కడ దూదిలా తేలిగ్గా అయిపోతుంది. అక్కడ మస్కట్లోనో దోహాలోనో ఉన్నవాళ్ళ ఒళ్ళో రెండు కేజీల వెచ్చటి బరువు వాలుతుంది. బెదిరిన దాని బరువు మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే ఆ వీధిలో పిల్లలకి అ ఆలతో పాటు చెవులపిల్లిని మచ్చిక చేసుకోవడం కూడా నేర్పుతారు. ఆదివారాలు పక్కింటివాళ్ళొచ్చి, "వీరాయమ్మగారూ, ఓ గంట ఇస్తారా అండీ, మా ఆయనకి పంపాలి" అని పట్టుకెళ్ళేవారు.

దుర్గ ఏడేళ్ళప్పటినుంచీ రోజూ సాయంత్రం ఐదింటికి ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకునేది. కువైట్లో అప్పుడు రెండున్నర. ఇస్త్రీ చేస్తున్న సత్యవతి చతికిలబడేది. "వచ్చిందా నీ కూతురు? సరే, కూర్చో" అని మేడం పక్క గదిలోకి వెళ్ళిపోయేది.

నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆ బరువు రాలేదు. మర్నాడూ రాలేదు. ఇంక రానేలేదు. ఫోన్లో అడిగితే "చదువెక్కువైందండి" అంది పిల్ల. ఆ "అండి" కూడా అప్పుడే మొదలైంది.

ఇంటికొచ్చిన రెండోరోజే సత్యవతి గూట్లోకి చెయ్యి పెట్టి, జున్ను అనే తెల్లదాన్ని చెవులు పట్టుకుని పైకి లేపింది. అది గాల్లో కాళ్ళు కొట్టుకుంది.

"అమ్మో! అలా పట్టుకోకండి, వదిలేయండి!" దుర్గ పరిగెత్తుకొచ్చింది.

"చెవులపిల్లి కదమ్మా. పేరులోనే చెవులుంటే ఇంకెక్కడ పట్టుకుంటారు?"

వీరాయమ్మ పక్కున నవ్వింది. దుర్గకీ నవ్వొచ్చింది గానీ పెదవి కొరుక్కుంది. సత్యవతి అది చూసింది. ఇదేదో బాగానే ఉందనుకుని, "అయితే నువ్వే నేర్పు" అంది.

దుర్గ నేర్పడం మొదలుపెట్టింది. మహా కచ్చితమైన పంతులమ్మ!

"ముందు కింద కూర్చోండి. మీరు నించుంటే దానికి గద్దొచ్చినట్టుంటుంది. చెయ్యి పైనుంచి తేకండి, పక్కనుంచి, దానికి కనపడేలా. వచ్చేదాకా పిలవకండి."

"ఎన్నాళ్ళకొస్తుంది?"

"దాని ఇష్టం అండి."

అలా సత్యవతి రోజూ సాయంత్రం గచ్చు మీద తోటకూర కట్ట పట్టుకుని కూర్చునేది. వారం రోజులు జున్ను ఆవిడ వైపే చూడలేదు. రెండోవారం వచ్చి ఆకు లాక్కుని పారిపోయింది. మూడోవారం అక్కడే కూర్చుని తింది. నాలుగోవారం నుదుటి మీద వేలితో రాస్తే కళ్ళు మూసుకుంది. వీరాయమ్మ వంటింట్లోంచి, "కూతురికంటే అదే నయం, నెలకైనా లొంగింది" అని గొణిగింది. సత్యవతి జున్నుకి ఇంకో ఆకు అందించింది.

ఎత్తుకోవడం నేర్పిన రోజు మాత్రం పండగే. "ఒక చెయ్యి ముందుకాళ్ళ వెనకాల, రొమ్ము కింద. రెండోది వెనక కాళ్ళ కింద. వెనక కాళ్ళు వేలాడితే తన్నుకుంటుందండి, నడుం విరుగుతుంది. అలా కాదు... ఇలా." దుర్గ తన చెయ్యి తల్లి చెయ్యి కిందకి పోనిచ్చి సరిచేసింది. ఆ వేళ్ళు అక్కడ పది సెకన్లున్నాయేమో. సత్యవతి ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

ప్రయాణం ఇంకో వారం ఉందనగా జున్ను తనంతట తానొచ్చి సత్యవతి ఒళ్ళోకెక్కింది. కాళ్ళు చాపుకుని, పళ్ళు మెల్లగా నూరుకుంటూ పడుకుంది. చెవులపిల్లికి సుఖంగా ఉంటే అలాగే చేస్తుంది. దుర్గ ఎదురుగా గోడకానుకుని కూర్చుంది. చున్నీ సర్దుకుని, మోకాళ్ళు దగ్గరికి చేర్చుకుని, ఎదురుచూస్తోంది. ఎందుకో చెప్పాలా?

సత్యవతి కళ్ళు మూసుకుని, దుర్గా, దుర్గా అనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ ఒళ్ళు మనమాట వినదు కదా. వెచ్చటి బరువు తగలగానే ఐదేళ్ళ యూసఫ్ గుర్తొచ్చేశాడు. మేడం కొడుకు. నెలల గుడ్డుగా ఉన్నప్పటినుంచీ సత్యవతి చేతుల్లోనే పెరిగినవాడు. వాడు పాలవాసనతో భుజం మీద నిద్రపోవడం, ఇల్లంతా వెతుక్కుంటూ "సత్తీ, సత్తీ" అని తిరగడం. జున్ను దూదిలా తేలిపోయింది.

దుర్గ తన ఒళ్ళోకి చూసుకుంది. ఏమీ లేదు.

"యూసఫ్ దగ్గరికి వెళ్ళిందా అండి?" అనడిగింది.

అబద్ధమాడదామనుకుని సత్యవతి ఆడలేకపోయింది. "ఊఁ" అంది.

"నాకు పన్నెండేళ్ళప్పుడు వీడియో కాల్లో చూసేను. బుజ్జిబాబు మీ ఒళ్ళో పడుకున్నాడు. మీ ఒళ్ళో చోటులేదు కదండీ. ఇద్దర్నీ ఎక్కడ మోస్తారులే అని నేనే మానేసేను."

కోపం లేదు, ఏడుపూ లేదు. మజ్జిగ ఇంకొంచెం పోయమంటారా అని చుట్టాల్నడిగినట్టే చెప్పింది. సత్యవతి జున్నుని మెల్లగా కిందకి దింపింది.

"వాడంటే నాకు ప్రేమేనమ్మా. పసిగుడ్డుని చేతుల్లో పెడితే ప్రేమ రాకుండా ఎలా ఉంటుంది? కాదననుగానీ ఒక్కమాట విను. రోజూ రెండున్నరయ్యేసరికి వాణ్ణి దింపేసేదాన్ని. ఎంత ఏడ్చినా ఎత్తుకునేదాన్ని కాదు. ఇస్త్రీ పెట్టె ఆపేసి, ఒళ్ళు ఖాళీ చేసుకుని కూర్చునేదాన్ని. నువ్వొస్తావేమోనని. నాలుగేళ్ళూ కూర్చున్నాను దుర్గా."

దుర్గ తోటకూర కాడలన్నీ ఏరి బుట్టలో వేసింది.

"ఆయ్" అంది చివరికి. అంతే. లేచి లోపలికెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఎవరూ ఆ మాటెత్తలేదు. సత్యవతి మాత్రం సాయంత్రం కాగానే వెళ్ళి గచ్చు మీద కూర్చునేది. జున్ను వచ్చేది. దుర్గ పుస్తకం ముందేసుకుని దూరంగా ఉండేది. తల్లి పిలవలేదు. పిలవకూడదని నేర్పింది ఆ పిల్లేగా.

ప్రయాణం రోజు మధ్యాహ్నం ఆటో వచ్చింది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే నరసాపురం, అక్కడ సాయంత్రం రైలు, హైదరాబాదు, విమానం. వీరాయమ్మ ఏడ్చింది. దుర్గ బ్యాగు ఆటోలో పెట్టి, "జాగ్రత్తగా వెళ్ళండి" అంది. సత్యవతి ఆ పిల్ల తల మీద చెయ్యి వేద్దామని, పైనుంచి వేస్తే బెదురుతుందేమోనని, మానేసింది.

పంటు నిండా మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మనుషులు. సత్యవతి ఓ పక్కన బల్లమీద కూర్చుంది. నది సగం దాటేసరికి ఒళ్ళోకి బరువొచ్చింది.

రెండు కేజీలు. అదే వెచ్చదనం. కానీ ఆ బరువు అక్కడితో ఆగలేదు. ఐదైంది, పదైంది, ఇరవయ్యైంది, నలభై దాటింది. జున్నూ, జున్నులాంటివి పదీ కలిపినా అంత ఉండవు. చీర కుచ్చిళ్ళు అణిగిపోయాయి. తొడలు తిమ్మిరెక్కాయి. ఒళ్ళో ఓ భుజం ఆనినట్టు, తల వాలినట్టు తెలుస్తోంది. పదహారేళ్ళ ఆడపిల్ల నిండు బరువది. పంటు ఆ పక్కకి కొంచెం ఒరిగింది.

పంటు నడిపే హరిబాబుదీ ఆ వీధే. వెనక్కి చూసి, "బాబూ, ఆ బళ్ళు రెండు ఇటు జరపండి. అమ్మగారికి ఒళ్ళోకి బరువొచ్చింది" అన్నాడు. కుర్రాళ్ళు జరిపేరు.

ఫోన్ మోగింది. దుర్గ.

"తెలుస్తోందా?" ముక్కు చీదుకుంటోంది. "జున్నుని ఎత్తుకుంటే అది తేలికైపోయి, అంతటితో ఆగకుండా నేను కూడా తేలికైపోతున్నాను. గచ్చు మీద కాళ్ళానట్లేదు. దొడ్డమ్మ నా చెయ్యి పట్టుకుంది. బరువైతే చెప్పమ్మా, దింపేస్తాను."

చెప్పమ్మా అంది. చెప్పండి అనలేదు.

"దింపకు" అంది సత్యవతి. "నా తల్లీ, నీకు పుణ్యముంటుంది, దింపకు."

నరసాపురం రేవొచ్చింది. బళ్ళన్నీ గోలగోలగా దిగిపోయాయి, బస్తాలు దిగిపోయాయి. సత్యవతి లేవబోయింది, లేవలేకపోయింది. అసలు గట్టిగా ప్రయత్నించిందో లేదో ఆవిడకే తెలియాలి. బ్యాగూ, పాస్‌పోర్టూ కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

"రైలుందండీ నాకు" అంది హరిబాబుతో, ఏడుస్తూ, నవ్వుతూ.

హరిబాబు తాడు విప్పుతూ ఆవిడ ఒళ్ళోకి ఓసారి చూశాడు.

"కూర్చోండమ్మా. ఒళ్ళో పిల్ల పడుకుంటే ఎవరైనా లేస్తారా? పంటు ఎలాగూ వెనక్కే కదండీ వెళ్ళేది."