ముసురులో మోటారు

రాజలింగం మళ్ళీ నేలమాళిగలోకి దిగి, వాననీళ్ళు చేరే గుంటలోకి వంగి చూశాడు. నీళ్ళు అడుగునే ఉన్నాయి. మోటారు గుర్రుమంటూ తోడుతోంది. నమ్మకం చాలక దాని వీపుమీద అరచేయి ఆనించాడు. వెచ్చగా ఉంది. మంచిదే.

బర్ దుబాయ్‌కి ముసురు పట్టింది. ఎండా లేదు, చలీ లేదు. పొద్దున కూడా సాయంత్రంలాగే ఉంటోంది. ఏడాదంతా మాడిన జనానికి ఇది పండగే. బట్టల కొట్ల ముందు చేతులు చాపి చినుకులు పట్టుకుంటున్నారు. ఈ భవనం కాపలాదారు రాజలింగానికి మాత్రం మబ్బు కనిపిస్తే నేలమాళిగలోకి పరుగే. బక్కపలచని మనిషి, ముందుకు వంగిన మెడ, నానిపోయి తెల్లబడ్డ కాలివేళ్ళు. మోటారు దానంతటది ఆడే ఏర్పాటు ఎప్పుడో చెడింది. మీట వేసి కాపలా కాయాల్సింది అతనే. పోయిన వానకు నీళ్ళు లిఫ్టు గుంటలోకి చేరాయి. "ఔర్ ఏక్ బార్, ఖలాస్. సీదా ఘర్" అన్నాడు ముదీర్, భవనం మేనేజరు. ఇంకోసారి జరిగితే కొలువు పోయి ఇంటికే.

పై ఫ్లాట్లో పనిచేసే సత్యకుమారి బజ్జీల పొట్లంతో దిగింది.

"ఏంటన్నయ్యా, ఊళ్ళో వానకోసం మొక్కేవోళ్ళం. ఇక్కడ వానొత్తే ఏడుపు మొహమేంటి?"

"నీకేంది చెల్లె, నీది బజ్జీల వాన. నాది మోటర్ వాన."

"దాన్నే పెళ్ళాడకపోయావా!"

"ఆడినట్టే ఉన్నది. జెర ఇడ్సిపెడ్తే అలుగుతది."

ఫెళ్ళున ఉరిమింది. దీపాలు రెపరెపలాడాయి. పైనుంచి స్వీపర్ హబీబుల్లా కేక: "భాయ్, జల్దీ! ఛత్ పే పానీ భర్ గయా!"

రాజలింగం లేచి పరుగెత్తాడు. డాబామీద పావురాల ఈకలు తూములో అడ్డుపడ్డాయి. గుప్పిళ్ళతో లాగేశాడు. నీళ్ళు గుడగుడమని దిగాయి. హమ్మయ్య అనుకోబోయి ఆగిపోయాడు.

మెట్లెక్కే ముందు తన చేయి ఏదో చేసింది.

జగిత్యాల పొలంలో ఉరిమి కరెంటు వణికితే ముందు స్టార్టరు ఆపాలి. ఆపకపోతే మోటారు కాలుతుంది. ఒకసారి కాలింది. వరి ఎండింది. ఆ పంటే అతన్ని దుబాయ్‌కి తోలింది. అప్పటినుంచి ఉరుము వింటే చేయి అతని మాట వినదు, మీట ఆపేస్తుంది.

రెండేసి మెట్లు దూకుతూ దిగాడు. నేలమాళిగలో మోకాలిలోతు నీళ్ళు. లిఫ్టు చచ్చినట్టు నిలబడింది.

"కిస్‌నే బంద్ కియా?" అన్నాడు ముదీర్.

"మైనే, సాబ్."

ముదీర్ అక్కడే ఫోను తీసి, ఇతనికి ఇంటికి టికెట్ తీయమన్నాడు.

కాగితాలు తెమిలేదాకా ముసురు విడవలేదు. వెళ్ళేరోజు టాక్సీ తలుపు పట్టుకుని అడిగాడు: "మోటర్ ఆడుతున్నదా చెల్లె?"

"ఆడతంది అన్నయ్యా. నువ్వు ఎక్కు ముందు."

టాక్సీ మలుపు తిరిగింది. చూడకుండా చెప్పిన మాట కుదురుగా ఉండనివ్వక సత్యకుమారి కిందికి దిగింది. మోటారు ఆడుతూనే ఉంది. పైనున్న పైపునుంచి చుక్కలు పడుతున్నాయి. వాటికింద స్టార్టరు పెట్టెమీద రాజలింగం కప్పి వెళ్ళిన ఖాళీ బియ్యం సంచి, ఒక మూలను రెండో మూలలోకి దోపి, వానలో నాటుకెళ్ళే మనిషి తలకు తొడిగే కొప్పెరలా.